కోత యంత్రం కనిపెట్టింది మెకార్మికేనా? పేరెవరిది, పనెవరిది?

గట్టుమీద గోపి
పోటీ పరీక్షల పుస్తకం ఏది తిరగేసినా "కోత యంత్రం – సైరస్ మెకార్మిక్ – 1831" అనే ఉంటుంది. కానీ అమెరికాలో పేటెంటు ముందు వచ్చింది ఓబెడ్ హస్సీ అనే ఆయనకు, 1833 డిసెంబరు 31న. మెకార్మిక్‌కు వచ్చింది 1834 జూన్ 21న. అంటే దాదాపు ఆర్నెల్లు వెనక. ఈ ఇద్దరికంటే ముందే, 1828లోనే, స్కాట్లాండులో పాట్రిక్ బెల్ గుర్రాన్ని కట్టి చేను కోయించాడు. మరి పేరు మెకార్మిక్‌కు ఎలా పోయింది? డబ్బున్నవాడు చరిత్ర రాయించుకున్నాడని నా అనుమానం. తెలిసినవాళ్లు చెప్పండి. "అందరూ కలిసి కనిపెట్టారు" లాంటి గోడమీద పిల్లి జవాబులు మాత్రం వద్దు.

పేటెంట్ పంతులు
గోపీ, పేటెంటు తేదీ ఒక్కటే చూసి తీర్పు చెప్పకు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం హక్కు ముందు కనిపెట్టినవాడిది, ముందు దరఖాస్తు పెట్టినవాడిది కాదు. పైగా 1836 దాకా అక్కడ దరఖాస్తును పరిశీలించే పద్ధతే లేదు. ఫీజు కట్టి, వివరం రాసి, బొమ్మ గీసి ఇస్తే ముద్ర వేసేవాళ్లు. అసలు కొత్తదా కాదా అన్నది తర్వాత కోర్టులో కొట్టుకుని తేల్చుకోవాల్సిందే. హస్సీ కాగితమైనా, మెకార్మిక్ కాగితమైనా విలువ అంతవరకే.

మెకార్మిక్ వాదన ఇదీ: 1831 వేసవిలో, వర్జీనియాలో స్టీల్స్ టావెర్న్ దగ్గర ఓట్స్ చేలో నలుగురి ముందూ కోసి చూపించాను. 1834 ఏప్రిల్‌లో మెకానిక్స్ మ్యాగజీన్‌లో హస్సీ మిషన్ బొమ్మ చూడగానే ఆ పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాడు, ఈ పద్ధతి నాది, ఎవరూ వాడొద్దు అని. పేటెంటుకు పరుగెత్తింది ఆ తర్వాతే. మూడేళ్లు ఊరుకున్న మనిషి పోటీదారుడు కనబడగానే ఎందుకు కదిలాడో ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చు.

1848లో పేటెంటు గడువు తీరుతోంది, పొడిగించండి అని అడిగాడు. హస్సీ అడ్డం పడ్డాడు. 1831 సంగతి రుజువు చేసుకోమంటే ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు ఇచ్చిన వాంగ్మూలాలు వచ్చాయి. పదిహేడేళ్ల తర్వాత చెప్పిన జ్ఞాపకాలు! పొడిగింపు ఇవ్వలేదు. హస్సీకి కూడా దక్కలేదు, ఆయన దరఖాస్తు గడువు దాటిపోయింది.

రెంచి రాముడు
కాగితాల సంగతి నాకు తెలియదు. నాది హార్వెస్టర్లు బాగుచేసే షెడ్డు. సీజన్‌లో నా చేతికి ఎక్కువగా వచ్చేది కట్టర్ బారే కాబట్టి దాని గురించి చెబుతా.

ఇనప పట్టీకి వరసగా రివెట్ కొట్టిన త్రికోణపు బ్లేడ్లు ఉంటాయి. ముందుకు పొడుచుకొచ్చిన ఫింగర్ల చీలికల్లోంచి ఆ పట్టీ అటూ ఇటూ ఆడుతుంది. కాడ ఫింగరుకు ఆనుకుంటుంది, బ్లేడు వచ్చి కత్తెర లాగా తెంపుతుంది. ఇది హస్సీ పద్ధతి. మెకార్మిక్ మొదట వాడింది రంపపు పళ్లు గీసిన పొడుగాటి కత్తి. ఈరోజు ఏ కంపెనీ కంబైన్ (కోతా నూర్పిడీ కలిపి చేసే హార్వెస్టర్) తీసుకోండి, ముందు భాగం విప్పితే కనబడేది హస్సీ కత్తి తమ్ముళ్లే.

ఇంకోటి. పొద్దున్నే మంచు ఆరకముందు చేలోకి దిగితే ఏమవుతుందో డ్రైవర్లకు తెలుసు. నలిగిన ఆకు, పీచు వెళ్లి ఫింగరు చీలికలో కూరుకుంటాయి. కత్తి బిగుస్తుంది. ఆపకుండా తోలితే బ్లేడు విరుగుతుంది, లేదంటే కత్తిని ఆడించే కడ్డీ పోతుంది. హస్సీకీ ఇదే తలనొప్పి. 1847లో ఆయన ఇంకో పేటెంటు తీసుకున్నాడు: ఫింగరు చీలికను వెనకవైపు పైకి తెరిచి వదిలాడు. ఇరుక్కున్న చెత్త ఆ సందులోంచి బయటికి తోసుకుపోతుంది. చూడటానికి చిన్న మార్పు. కానీ చేలో రోజంతా నడిచే మిషన్‌కూ, గంటకోసారి ఆగే మిషన్‌కూ తేడా అదే.

మెకార్మిక్ వైపు కూడా చెప్పాలి. హస్సీ మొదటి మిషన్‌కు రీల్, అంటే ముందు తిరిగే పట్టీల చక్రం, లేదు. చేనును కత్తి మీదికి వంచేది అదే కదా. అది లేకపోతే గాలివాటానికి ముందుకు వాలిన చేను కత్తికి అందకుండా జారిపోతుంది. రీల్, కోసేదాన్నీ కోయనిదాన్నీ విడదీసే డివైడరు, కంకులు పడే బల్ల, పక్కన నడిచే గుర్రం, బరువంతా మోస్తూ కత్తిని ఆడించే పెద్ద చక్రం... ఇవన్నీ ఒకచోట కుదిర్చింది మెకార్మిక్.

గట్టుమీద గోపి
అద్దీ. కత్తి హస్సీది, కూర్పు మెకార్మిక్‌ది. ఇంక పంచాయితీ ఏముంది?

డండీ దుర్గ
ఆగండాగండి. రీల్ మెకార్మిక్‌దని ఎవరన్నారు రాముడన్నా? నేనుండేది స్కాట్లాండులోని డండీలో. పాట్రిక్ బెల్ పుట్టింది ఇక్కడికి దగ్గరే, ఆక్టర్‌హౌస్ అనే ఊళ్లో, కౌలు రైతు ఇంట్లో. 1828 నాటి ఆయన మిషన్‌కు రీల్ ఉంది. కోసినదాన్ని పక్కకు వరసగా పడేసే గుడ్డ పట్టా కూడా ఉంది, అది మెకార్మిక్ మొదటి మిషన్‌కు లేనే లేదు, మనిషి పళ్ల కర్రతో బల్ల మీంచి లాగాల్సి వచ్చేది. బెల్ కంటే ముందు ఇంగ్లండ్ ఉత్తరాన, నార్తంబర్లండ్‌లో హెన్రీ ఓగల్ అనే బడిపంతులు 1822లోనే రీల్ ఉన్న మిషన్ తయారుచేయించాడు. కూలీలు చంపుతామని బెదిరించేసరికి దాన్ని చేసిన కమ్మరి వదిలేశాడని చెబుతారు.

బెల్ కథ నాకు మహా ఇష్టం. అప్పటికాయన మతబోధకుడి చదువులో ఉన్నాడు. తోటలో కంచె కత్తిరించే పెద్ద కత్తెర కనబడితే దీన్ని చేనుకు వాడలేమా అనుకున్నాడు. మిషన్ చేశాక ఊళ్లో నవ్వుతారని భయం. అందుకని పొడుగాటి కొట్టంలోకి మట్టి మోసి పరిచి, ఓట్స్ కాడలు ఒక్కొక్కటే నాటి, తలుపులు వేసుకుని, తనే మిషన్‌ను తోసుకుంటూ వాటిని కోశాడు. తెగాయి. కానీ చిందరవందరగా పడ్డాయి. గుడ్డ పట్టా ఆలోచన అక్కడే పుట్టింది. 1828 కోతల కాలంలో రాత్రి పదకొండింటికి, ఊరు నిద్రపోయాక, తమ్ముడు జార్జిని వెంటబెట్టుకుని, జాక్ అనే గుర్రాన్ని కట్టి గోధుమ చేలోకి దిగాడు. గట్టిగా మాట్లాడుకోలేదట ఇద్దరూ.

హైలాండ్ సొసైటీ అనే స్కాట్లాండు వ్యవసాయ సంఘం యాభై పౌండ్ల బహుమతి ఇచ్చింది. పేటెంటు మాత్రం తీసుకోలేదు. రైతులందరికీ పనికిరావాలనే. అదే దెబ్బ కొట్టింది. హక్కు లేని వస్తువు మీద పెట్టుబడి పెట్టేవాడెవరు? ఊళ్లలో కమ్మరులు తలా ఒకటి చేశారు, ఒకటి నడిస్తే ఇంకోటి నడవలేదు. పైగా గుర్రాలు వెనకనుంచి తోయాలి. మలుపు దగ్గర చాలా కష్టం. 1851లో లండన్ మహాప్రదర్శనలో అమెరికా మిషన్లకు జనం ముక్కున వేలేసుకుంటుంటే, కార్మైలీ చర్చిలో మన బెల్ ప్రసంగాలు చెప్పుకుంటున్నాడు. 1869లో పోయాడు. పోయే ముందు మాత్రం చందాలతో వెయ్యి పౌండ్లు ఇచ్చి గౌరవించారు.

షెనాండోవా శ్రీను
దుర్గగారూ, బెల్ మిషన్‌ను చూసి మెకార్మిక్ కాపీ కొట్టాడనడానికి రుజువేమీ లేదు, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. ఒకే అవసరం ఉన్నచోట ఒకే రకం పరిష్కారం రెండు చోట్ల పుడుతుంది.

నేను వర్జీనియాలో ఉంటాను. మెకార్మిక్‌ల వాల్‌నట్ గ్రోవ్ పొలం ఇప్పుడు వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది, కమ్మరి కొలిమి, పిండిమర అలాగే నిలబెట్టారు. అక్కడికి వెళ్తే ఇంకో రెండు తగాదాలు ఎదురవుతాయి. మీరెవరూ ఇంకా ఎత్తలేదు.

ఒకటి ఇంటి తగాదా. సైరస్ తండ్రి రాబర్ట్ ఏళ్ల తరబడి కోత మిషన్ చేయాలని తంటాలు పడ్డాడు, కుదరక వదిలేశాడు. ఆ తర్వాత 22 ఏళ్ల సైరస్ అందుకున్నాడని పుస్తకాల మాట. సైరస్ 1884లో చనిపోయాడు. మర్నాటి సంవత్సరమే తమ్ముడు లియాండర్ ఏకంగా పుస్తకం అచ్చేసి, మిషన్ చేసింది మా నాన్న, అన్న దాన్ని తన పేరు మీద రాయించుకున్నాడు అన్నాడు. అన్నదమ్ములకు వ్యాపారంలో పడేది కాదు, కాబట్టి ఆ మాట మొత్తం నమ్మలేం. అలాగని తండ్రి కొలిమిలో పడి ఉన్న ఇనుము, చెడిన నమూనాలు చూస్తూ పెరిగిన పిల్లవాడు శూన్యంలోంచి కనిపెట్టాడనీ నమ్మలేం.

రెండోది జో ఆండర్సన్. మెకార్మిక్‌ల ఇంట్లో బానిస. సైరస్ ఈడువాడే. ఆ మిషన్ తయారీలో సైరస్ పక్కన నిలబడి పనిచేసినవాడు. ఇది ఎవరో గిట్టనివాళ్లు అన్న మాట కాదు, 1931లో సైరస్ మనవడే రాశాడు. ఏ ముక్క జో ఆలోచన, ఏది సైరస్ ఆలోచన అని విడదీసే కాగితం మాత్రం లేదు. రాయడం నేర్పనివాడి మాట కాగితం మీదికి ఎలా వస్తుంది? సైరస్ షికాగో వెళ్లి ఫ్యాక్టరీ పెట్టాడు. జో వర్జీనియాలోనే ఉండిపోయాడు, వాళ్లకూ వీళ్లకూ పనికి బాడుగకిస్తే ఆ డబ్బు యజమానికి పోయేది.

గట్టుమీద గోపి
శ్రీనన్నా, జో పేరు మీద పేటెంటు అడిగే వీలుందా అప్పట్లో?

పేటెంట్ పంతులు
లేదు. 1858లో అటార్నీ జనరల్ జెరెమయా బ్లాక్ తేల్చి చెప్పాడు. మిసిసిపీలో ఆస్కార్ స్టూవర్ట్ అనే దొర, తన బానిస నెడ్ చేసిన పత్తి చేను పనిముట్టుకు పేటెంటు తనకిమ్మన్నాడు. బానిస పౌరుడు కాడు కాబట్టి ప్రమాణం చేయలేడు, అతనికి ఇవ్వడం కుదరదు. యజమాని కనిపెట్టలేదు కాబట్టి అతనికీ కుదరదు. అయిపోయింది. ఆ తర్వాత 1861లో దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి సొంత పేటెంటు చట్టం చేసుకున్నప్పుడు, బానిస కనిపెట్టినదాని మీద హక్కు యజమానిదే అని రాసుకున్నాయి. చట్టంలో రాసి మరీ!

చెరువుకింద మడి
అన్నలూ, మీరు చెప్పేదంతా చదువుతున్నా. రైతుగా నాది ఒకటే ప్రశ్న. కనిపెట్టినోడు ఎవరైనా సరే, నా చేలోకి దాన్ని తెచ్చినోడు ఎవరు? మా ఊళ్లో వరి కోతలంటే ఒకప్పుడు నెల రోజుల తతంగం. ఇప్పుడు చైన్ మిషన్ (టైర్లకు బదులు చైన్ల మీద నడిచే హార్వెస్టర్) వచ్చి పూటలో ముగించి పోతోంది. మాకు దాని ఫింగరు ఎవరిదన్నది కాదు, గంటకు ఎంత తీసుకుంటాడు, వాన పడకముందు వస్తాడా రాడా అన్నదే లెక్క.

షెనాండోవా శ్రీను
మడి అన్నా, మెకార్మిక్ గెలిచింది సరిగ్గా అక్కడే. 1847లో షికాగోలో ఫ్యాక్టరీ పెట్టాడు, గోధుమ మైదానాల గుమ్మంలో. హస్సీ తూర్పున బాల్టిమోర్‌లో ఉండిపోయాడు. మెకార్మిక్ మిషన్ ధర 120 డాలర్ల చుట్టూ ఉండేది, అందులో 30 ముందు కట్టి మిగతాది పంట అమ్మాక ఇవ్వొచ్చు. బేరం లేదు, అందరికీ ఒకే ధర. పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా హామీ. ఊరూరా ఏజెంటు, ఏజెంటు దగ్గర విడిభాగాలు. గోధుమ పండాక కోతకు పది రోజులకు మించి ఆగదు, గింజ రాలిపోతుంది. ఆ పది రోజుల్లో విరిగిన ముక్క దొరికిందా లేదా అన్నదే రైతుకు కావాలి.

హస్సీ స్వభావం వేరు. యవ్వనంలో తిమింగలాల వేట ఓడల్లో తిరిగాడు, ఒక కన్ను లేదు, బిడియస్తుడు. తన మిషన్‌కు రీల్ కలుపుకోమంటే చాలాకాలం మొండికేశాడు. 1860లో రైలు ప్రయాణంలో ఒక స్టేషన్లో పసిపిల్లకు మంచినీళ్లు తేవడానికి దిగి, కదిలే రైలు ఎక్కబోయి కింద పడి చనిపోయాడు.

రెంచి రాముడు
అయ్యో.

విడిభాగాల మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం శ్రీనూ. మా దగ్గర కూడా మంచి మిషన్ అని ఎవరూ కొనరు, బేరింగు పక్క టౌనులో దొరికే మిషనే కొంటారు.

పేటెంట్ పంతులు
వ్యాపారం ఒక్కటే అనకండి, కోర్టులు కూడా. జాన్ మానీ అనే తయారీదారు మీద మెకార్మిక్ నాలుగు లక్షల డాలర్లకు దావా వేశాడు. కేసు ఇల్లినాయిస్‌లో నడుస్తుందనుకుని మానీ వైపు వాళ్లు స్థానిక లాయరు ఒకాయన్ని పెట్టుకున్నారు. అబ్రహాం లింకన్. తీరా విచారణ 1855లో సిన్సినాటీకి మారింది. అక్కడ మానీ వైపే వాదించిన పెద్ద లాయరు ఎడ్విన్ స్టాంటన్ ఈ పల్లెటూరి లాయరును పక్కన కూర్చోబెట్టాడు, నోరెత్తనివ్వలేదు. కేసు మానీ గెలిచాడు, 1858లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. లింకన్ దేశాధ్యక్షుడయ్యాక 1862లో అదే స్టాంటన్‌ను యుద్ధ మంత్రిగా పెట్టుకున్నాడు. ఆ ఔదార్యం సంగతి వేరే చర్చ.

మనకు కావాల్సింది ఇది: మెకార్మిక్ పెద్ద కేసులు ఓడిపోయాడు, పొడిగింపులు దొరకలేదు, మొదటి పేటెంటు 1848లోనే పోయింది. 1861లో ఇంకో పేటెంటు పొడిగించమంటే, నీ పేరు నిలిచిపోతుంది గానీ ఇది ఒక్కడి గుప్పిట్లో ఉండదగ్గ వస్తువు కాదని కొట్టేశారు. అంటే గోపీ, డబ్బుతో చరిత్ర కొన్నాడని నువ్వన్నది సగమే నిజం. చట్టం దగ్గర ఓడినవాడు అంగట్లో గెలిచాడు. అంగట్లో గెలిచాక, 1931లో వారసులూ కంపెనీ కలిసి శతాబ్ది ఉత్సవం ఘనంగా జరిపారు. నీ పోటీ పరీక్షల పుస్తకంలో 1831 ఉండటానికి ఆ ఉత్సవం కూడా ఒక కారణం.

మెల్‌బోర్న్ మావయ్య
పిల్లలూ, మీరంతా అమెరికా, స్కాట్లాండు దగ్గరే ఆగారు. నేను రెండువేల ఏళ్లు వెనక్కి తీసుకెళ్తా.

రోమన్ రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలోనే రాశాడు: గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్, బెల్జియం వైపు) పెద్ద కమతాల్లో అంచుకు పళ్లున్న తొట్టి ఉంటుంది, రెండు చక్రాల మీద, పశువును వెనక కట్టి చేలోకి తోయిస్తారు, కంకులు తెగి తొట్టిలో పడతాయి. తర్వాత పల్లాడియస్ ఇంకా వివరంగా రాశాడు. ఇది కట్టుకథ అనుకునేవాళ్లూ ఉండేవారు. 1958లో బెల్జియంలో బూజెనోల్ దగ్గర రాతి చెక్కడం దొరికింది. పళ్లూ, తొట్టీ, కంకులను సవరించే మనిషీ అన్నీ ఉన్నాయి.

ఆ పద్ధతి మళ్లీ లేచింది మా ఆస్ట్రేలియాలో. 1843లో అడిలైడ్ ప్రాంతంలో పంట విరగపండింది, కోసేవాళ్లు లేరు. మంచి యంత్రానికి బహుమతి ప్రకటించారు. నమూనాలు వచ్చాయి, ఏదీ నచ్చలేదు, బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. అందులో జాన్ రాథాల్ బుల్ అనే రైతు నమూనా ఉంది. కొద్ది వారాలకే జాన్ రిడ్లీ అనే పిండిమర యజమాని నిజం మిషన్ చేలో నడిపి చూపించాడు. దువ్వెనలా కంకులు పట్టి, తిరిగే రెక్కలతో గింజ కొట్టేస్తుంది, గడ్డి నిలబడే ఉంటుంది. రిడ్లీ పాత గాల్ యంత్రం వర్ణన చదివి చేశానన్నాడు. బుల్ మాత్రం, రిడ్లీయే నా ఆలోచన ఎత్తుకుపోయాడు అన్నాడు. పత్రికల్లో దశాబ్దాలపాటు కొట్టుకున్నారు. 1882లో దక్షిణ ఆస్ట్రేలియా పార్లమెంటు బుల్‌కు 250 పౌండ్లు మంజూరు చేసి ఊరుకోబెట్టింది. రిడ్లీ మాత్రం బెల్‌లాగే పేటెంటు తీసుకోలేదు.

దాని మీద 1880ల్లో విక్టోరియాలో హ్యూ విక్టర్ మెకే తూర్పారబట్టడం కూడా కలిపి సన్‌షైన్ హార్వెస్టర్ చేశాడు. అక్కడా తగాదానే, జేమ్స్ మారో అనే ఆయన అదే సమయంలో చేశాడు. ఈ మెకే ఫ్యాక్టరీ కేసులోనే 1907లో జస్టిస్ హిగ్గిన్స్, నైపుణ్యం లేని కార్మికుడికైనా రోజుకు ఏడు షిల్లింగులు తగ్గకూడదన్నాడు. భార్యాపిల్లలతో మనిషిలా బతకడానికి ఎంత కావాలో లెక్కగట్టిన తీర్పు. నా ఓటు ఆ తీర్పుకే, మిషన్ ఎవరిదైతేనేం.

చెరువుకింద మడి
మావయ్యా, కంకి మాత్రం పీకి గడ్డి వదిలేస్తే మా పశువులు ఏం తినాలి? ఇప్పటికే హార్వెస్టర్ కోస్తే గడ్డి నలిగి చేనంతా పరుచుకుంటోంది. బేలర్ పెట్టించి కట్టలు కట్టిస్తే దానికి వేరే ఖర్చు. గొడ్లున్న రైతు ఇప్పటికీ ఒక మడి చేతికోతకు వదులుకుంటాడు.

మెల్‌బోర్న్ మావయ్య
ఒప్పుకుంటానయ్యా. గాల్‌లో, ఆస్ట్రేలియాలో నేల ఎక్కువ, మనుషులు తక్కువ, గడ్డికి విలువ లేదు. గడ్డి కావాలనుకునే దేశంలో ఆ యంత్రం పుట్టదు.

షెనాండోవా శ్రీను
మనవైపు లంకె ఒకటి చెప్పి నేను తప్పుకుంటా. మెకార్మిక్ కంపెనీ, పోటీదారు డీరింగ్, ఇంకొన్ని కలిసి 1902లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయ్యాయి, కలిపింది మోర్గాన్ బ్యాంకు. అదే కంపెనీ 1963లో మహీంద్రా, వోల్టాస్‌తో కలిసి మన దేశంలో ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది. పాత బీ-275 ట్రాక్టరు నడిపిన పెద్దలెవరైనా ఉంటే వాళ్లు మెకార్మిక్ కొలిమికి దూరపు చుట్టాలే.

గట్టుమీద గోపి
చివరగా ఒకటి. కోతా నూర్పిడీ కలిపిన కంబైన్ ఎవరిది? మావయ్య చెప్పిన మెకేనా?

పేటెంట్ పంతులు
కాదు. మిషిగన్‌లో హైరమ్ మూర్, జాన్ హాస్కాల్ 1836లోనే పేటెంటు తీసుకున్నారు. పదహారు, ఇరవై గుర్రాలు లాగే భారీ యంత్రం. కోసి, నూర్చి, తూర్పారబట్టి బస్తాకెత్తేది. మిషిగన్‌లో నిలవలేదు. అక్కడి గాలిలో తేమ ఎక్కువ, పనలు కట్టి ఆరబెట్టకుండా అప్పటికప్పుడు నూర్చిన గింజ పాడైపోయేది. అదే యంత్రాన్ని 1854లో కాలిఫోర్నియా పంపితే, ఎండకు చేలోనే గింజ గలగలలాడే చోట, ఒక్క సీజన్‌లో ఆరువందల ఎకరాలు కోసింది.

రెంచి రాముడు
అదే తేమ గొడవ ఇప్పుడు మనకు. చేతికోత రోజుల్లో పనలు చేలోనే రెండు మూడు రోజులు ఎండేవి. మిషన్ కోతలో పచ్చి గింజ నేరుగా ట్రాలీలో పడుతోంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. అందుకే కోతల సీజన్‌లో రోడ్లన్నీ వడ్లే. మడి అన్నా, మీవైపు ఆరబెట్టే డ్రయ్యర్లు ఏమైనా వచ్చాయా?

చెరువుకింద మడి
వచ్చినయి గానీ బాడుగ ఎక్కువ. మాకింకా టార్పాలినే దిక్కు.